ఇనుప సూపర్‌కండక్టర్లలో గ్యాప్: ప్లస్ మైనస్సా, ప్లస్ ప్లస్సా?

సెమినార్ల కాలం వచ్చిందంటే కాకినాడ, అమలాపురం ఎమ్మెస్సీ పిల్లలు అడిగేది ఇదే: “మాస్టారూ, గ్యాప్ ఎస్ ప్లస్ మైనస్ అని చెప్పమంటారా, ఎస్ ప్లస్ ప్లస్ అని చెప్పమంటారా?” గ్యాప్ అంటే సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్ జంటను విడగొట్టడానికి సంబంధించిన శక్తి; దానికి ప్లస్ గానీ మైనస్ గానీ గుర్తు ఉంటుంది. ఎలక్ట్రాన్ల గుంపులన్నిటిలో గుర్తు ఒకటే అయితే ప్లస్ ప్లస్, గుంపుకీ గుంపుకీ ఎదురైతే ప్లస్ మైనస్. నేను ప్లస్ మైనస్ వైపే.

2008లో హొసోనో బృందం ఇనుప పదార్థంలో 26 కెల్విన్ సంధి ఉష్ణోగ్రత (సూపర్‌కండక్టివిటీ మొదలయ్యే ఉష్ణోగ్రత) సాధించింది, నెలల్లోనే అది 55కి చేరింది. ఫోనాన్ల (స్ఫటికంలో పరమాణువుల కంపనాల) లెక్కలు అంత ఎత్తుకు రాలేదు. అదే ఏడాది మాజిన్, కురోకి బృందాలు జంటలను కట్టేవిగా స్పిన్ (ఎలక్ట్రాన్ అయస్కాంత గుణం) ఊగిసలాటల వైపు చూపించాయి. ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాల పటాన్ని జోన్ అంటారు, అందులో ఎలక్ట్రాన్ల గుంపులు పాకెట్లు. జోన్ మధ్యలో హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ) పాకెట్లు, మూలల్లో ఎలక్ట్రాన్ పాకెట్లు. వాటి మధ్య ఉన్నది వికర్షణ. ఒకచోట గ్యాప్ ప్లస్, ఇంకోచోట మైనస్ అయితే ఆ వికర్షణే జంటను నిలబెడుతుంది. కొంతాని, ఒనారి మాత్రం ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ మేఘం ఆకారం) ఊగిసలాటలు ఆకర్షణనే ఇస్తాయనీ, గుర్తు మారనక్కర్లేదనీ అన్నారు.

వాళ్ల చేతిలో ఉన్న గట్టి ఆయుధం మలినాలు. గుర్తులు ఎదురెదురైతే అయస్కాంత గుణం లేని మలినం కూడా జంటలను విడగొట్టాలి, సంధి ఉష్ణోగ్రత గబగబా పడిపోవాలి. చాలా నమూనాల్లో అది నెమ్మదిగానే దిగుతుంది. కాకపోతే మలినం ఎలక్ట్రాన్‌ను అదే పాకెట్ లోపల చెదరగొడితే ప్లస్ మైనస్‌కూ నష్టం లేదు. అందుకే ఈ పరీక్ష మీద నేను తీర్పు చెప్పను.

తేల్చాల్సింది గుర్తు. ఫొటో ఎమిషన్ (కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి లాగి కొలిచే పద్ధతి) గ్యాప్ పరిమాణమే చెబుతుంది. యానాం దగ్గర గౌతమిలో పోటు, అంతర్వేది దగ్గర వసిష్ఠలో ఆటు ఉన్నాయనుకోండి. రెండుచోట్లా గేజి ఒకే లోతు చూపించవచ్చు, నీరు ఎటు పోతోందో మాత్రం చెప్పదు. ఆ దిశను న్యూట్రాన్లు పట్టిస్తాయి. 2008లోనే బేరియం పొటాషియం ఐరన్ ఆర్సెనైడ్‌లో, రెండు పాకెట్లను కలిపే వెక్టర్ దగ్గరే, సుమారు 14 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద రెజొనెన్స్ (చెదిరిన న్యూట్రాన్ల లెక్కలో ఒక శిఖరం) కనిపించింది. సూపర్‌కండక్టివిటీ మొదలయ్యాకే అది లేస్తుంది. గుర్తు మారితే అలా లేవడం సహజం. మారకపోయినా గ్యాప్‌కు రెట్టింపు శక్తి పైన ఒక వెడల్పాటి గుబ్బ రావచ్చని అవతలివాళ్ల జవాబు. 2010లో హనగురి బృందం ఐరన్ సెలీనియం టెల్లూరియంలో టన్నెలింగ్ మైక్రోస్కోపుతో, అయస్కాంత క్షేత్రం పెట్టి చూసినప్పుడూ మొగ్గు గుర్తు మార్పు వైపే వచ్చింది. సంబంధం లేని రెండు పద్ధతులు ఒకే మాట చెప్పడం నాకు పెద్ద విషయం.

డీ-వేవ్ (దిశను బట్టి గుర్తు మారే గ్యాప్) ప్రస్తావన పొటాషియం బాగా ఎక్కువైన పదార్థాల్లో వస్తుంది. సెమినార్‌లో ఒక వాక్యం చాలు.

స్ట్రోన్షియం టైటనేట్ మీద ఒకే పొర ఐరన్ సెలినైడ్ దగ్గర మాత్రం జాగ్రత్త. 2012లో బయటపడ్డ ఆ పొరలో గ్యాప్ 65 కెల్విన్ దరిదాపుల దాకా నిలుస్తుంది, మధ్యలో హోల్ పాకెట్ మాత్రం లేదు. మాజిన్ బొమ్మను అక్కడ ఉన్నదున్నట్టు అతికించకండి, కింది పలక ఫోనాన్ల పాత్ర కూడా చెప్పండి. బేరియం పదార్థాలకైతే న్యూట్రాన్ గ్రాఫుతోనే మొదలుపెట్టండి.