బలాట్రో: 150 ఎంబీల పేకాట

2023లో మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నడిపిన కేసులో సోనీ దాఖలు చేసిన పత్రాల్లో, నల్లసిరా పూసి దాచిన అంకెలు కొన్ని స్కానింగులో బయటపడ్డాయి. ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’కు 22 కోట్ల డాలర్లు, ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’కు 21.2 కోట్ల డాలర్లు, ఈ రెండు వీడియో గేముల తయారీకి ఖర్చయ్యాయని లోకానికి తెలిసింది అలాగే. ఇలాంటి భారీ ఖర్చుల మధ్య, గేముల్లో గ్రాఫిక్స్ ముఖ్యమా, ఆట ముఖ్యమా అన్న పాత తగవు నడుస్తుండగానే, 2024 ఫిబ్రవరిలో బలాట్రో అనే చిన్న పేకాట వీడియో గేమ్ విడుదలైంది.

లోకల్‌థంక్ అన్న మారుపేరుతో పనిచేసే కెనడా డెవలపర్ దాదాపు ఒంటిచేత్తో తయారుచేసిన ఈ ఆటకు కంప్యూటర్లో 150 ఎంబీ చోటు చాలు. పోకర్ పద్ధతిలో పేకముక్కలు జతచేసి, ప్రతి రౌండులోనూ నిర్ణయించిన స్కోరును అందుకోవాలి. ఎదుట ప్రత్యర్థి ఉండడు, డబ్బు పందెమూ ఉండదు. రౌండ్ల మధ్య ఆటలోని దుకాణంలో కొనుక్కునే జోకర్లే, అంటే స్కోరు లెక్కను మార్చే ప్రత్యేక ముక్కలే, దీనికి ప్రాణం. రెండు రాజుల జతకు 30 చిప్స్ (పాయింట్లు), 2 మల్ట్ (వాటిని హెచ్చవేసే గుణకం), అంటే హెచ్చవేస్తే 60 వస్తుంది. మల్ట్‌కు 4 కలిపే మామూలు జోకరును, దాని కుడిపక్కన మల్ట్‌ను మూడింతలు చేసే కావెండిష్ అరటిపండు జోకరును పెడితే అవే రాజులు 540 తెస్తాయి; లెక్క ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కాబట్టి, ఆ రెండింటినీ తారుమారు చేస్తే 300 దగ్గరే ఆగిపోతాయి. (గ్రో మిషెల్ అనే మరో అరటిపండు జోకరు పాడైతే గానీ కావెండిష్ దుకాణంలోకి రాదు. అరటి సాగు చరిత్రలోనూ గ్రో మిషెల్ రకం తెగులుతో దెబ్బతిన్నాకే కావెండిష్ దాని చోటులోకి వచ్చింది, ఇందులోని చమత్కారం అదే.)

బొమ్మలు ముతక పిక్సెళ్లవి, తెర పాత టీవీలా చారలతో అదురుతుంటుంది. అయితే ఒక్క హ్యాండుతోనే, అంటే ఒకసారి వేసిన ముక్కలతోనే, లక్ష్యం దాటిపోయే స్కోరు పడితే అంకెల మీద మంటలు లేస్తాయి, ఆ మంట కూడా గ్రాఫిక్సే. అందుకే గ్రాఫిక్స్ అనవసరమనడానికి బలాట్రోను సాక్ష్యంగా చూపేవారితో నేను ఏకీభవించను. నా అభ్యంతరమల్లా ఖర్చుతో పాటు పెరిగే భయం మీద: 20 కోట్ల డాలర్లు పెట్టాక, జోకర్ల వరుసతో స్కోరు మార్చే ఇలాంటి విచిత్రమైన నియమాన్ని నమ్ముకోవడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది? బలాట్రో ఆ సాహసం చేసి, 2025 జనవరి నాటికి 50 లక్షల కాపీలు దాటింది.

లోపాలు లేకపోలేదు. ‘ద ప్లాంట్’ అనే బాస్ (అదనపు ఆంక్షతో వచ్చే కఠినమైన రౌండు) ఎదురైతే రాజు, రాణి, జాకీ ముక్కలన్నీ నిర్వీర్యమవుతాయి. ముందే హెచ్చరించినా, దుకాణంలో తగిన జోకరు దొరకకపోతే చేయగలిగింది తక్కువ. హ్యాండ్ వేయకముందు ఎంత స్కోరు వస్తుందో ఆట చెప్పదు, అది నాకు నచ్చింది గానీ లెక్కలంటే విసుగున్నవారికి నచ్చకపోవచ్చు. తెలుగులో లేదు. ఫోన్‌లోనూ ఆడవచ్చు, కాకపోతే చిన్న తెర మీద జోకర్ల వివరణలు చదవడం కళ్లకు శ్రమ కనుక టాబ్లెట్ ఉన్నవారు దాని మీదే ఆడటం మేలు.