క్యాజువాలిటీలో పెద్దవాళ్ళకు నిద్ర లేకపోతే ఏది మేలు: మాత్రా, నిశ్శబ్దమా, వార్డా?

మా నాన్నకు 78 ఏళ్ళప్పుడు ఆయాసం ఎక్కువై ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో చేర్చాం. పైన వార్డులో బెడ్ ఖాళీ లేదన్నారు. రెండు రాత్రులు స్ట్రెచర్ మీదే. నెత్తిన ట్యూబులైటు, పక్కన మానిటర్ మోత, పదిహేను నిమిషాలకోసారి చెయ్యి బిగించే బీపీ పట్టీ. రెండో రాత్రి ఒంటిగంటకు ఆయన నా చెయ్యి పట్టుకుని "గేదెల్ని కట్టేశారా?" అన్నారు. మేం గేదెలు అమ్మేసి ముప్పై ఏళ్ళు. ఇలా ఉన్నట్టుండి తికమకపడి మాట్లాడటాన్ని మా ఊళ్ళో సంధి అంటారు, డాక్టర్లు డెలీరియం అంటారు. పక్క బెడ్డు ఆవిడ "నిద్ర లేకే అలా. ఒక మాత్ర వేయించు బాబూ" అంది. నేనూ వెళ్ళి అదే అడిగాను. డ్యూటీ డాక్టర్ ఒప్పుకోలేదు. అప్పుడు కోపం వచ్చింది కానీ, తర్వాత చదివితే ఆ డాక్టర్ చెప్పిందే సరైనదని తెలిసింది.

నిద్రమాత్రకు ఉన్న మంచి ఒక్కటే, త్వరగా పనిచేస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. మన దగ్గర ఎక్కువగా వాడే అల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి మామూలుగా సుమారు 11 గంటలు పడితే, పెద్దవాళ్ళలో 16 దాకా పడుతుంది. అంటే పొద్దున బాత్‌రూమ్‌కి లేచేటప్పుడూ మత్తు ఉంటుంది. జోల్పిడెమ్ అనే ఇంకో నిద్రమాత్ర కొంత నయమనుకుంటారు. అమెరికాలో మేయో క్లినిక్‌లో లెక్క తీస్తే, అది వేసుకున్న రోగుల్లో 3 శాతం మంది కిందపడ్డారు, వేసుకోనివాళ్ళలో 1 శాతం కూడా లేరు. ఆ దేశపు వృద్ధుల వైద్య నిపుణుల సంఘం 65 దాటినవాళ్ళకు మానుకోవలసిన మందులని ఒక జాబితా ఇస్తుంది. ఈ రెండు రకాలూ అందులో ఉన్నాయి. కొన్ని పాతకాలపు అలర్జీ మందులు కూడా ఉన్నాయి. "ఒక ఎవిల్ (అలాంటి అలర్జీ మాత్రే) ఇస్తే పడుకుంటారు కదా" అనేవాళ్ళు గుర్తుంచుకోవాలి, ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనకు అలాంటి మందుతో మూత్రం బిగుసుకుపోవచ్చు, సంధి ఇంకా ముదరొచ్చు. మా నాన్నలా ఊపిరితిత్తుల జబ్బు ఉంటే ఇంకో భయం: మత్తులో శ్వాస మందగిస్తుంది.

మెలటోనిన్ (ఒంట్లో సహజంగా తయారయ్యే నిద్ర హార్మోన్) మాత్రతో అంత ప్రమాదం లేదు. కానీ మోత, వెలుతురు అలాగే ఉంటే అదేం చేస్తుంది?

రెండో దారి గోల తగ్గించడం. మన నిబంధనల ప్రకారం ఆస్పత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. వార్డు లోపల 30 చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రోడ్డు మీద హారన్ కొట్టొద్దని బోర్డు పెట్టి, లోపల రాత్రంతా అలారాలు! అయినా కొంత మన చేతిలో ఉంది. మనిషి నిలకడగా ఉంటే బీపీ గంటకోసారి చూడొచ్చా, నెత్తి మీద లైటు ఆర్పొచ్చా అని సిస్టర్‌ని అడగొచ్చు (మానిటర్ మాత్రం మనం ముట్టుకోకూడదు). మూత్రం జారీ అయ్యే లాసిక్స్ లాంటి మందు సాయంత్రం పడితే రాత్రంతా లేవడమే, టైము మార్చొచ్చేమో డాక్టర్‌ని అడగాలి. నొప్పి ఉందా, చలేస్తోందా అన్నది ముందు చూడాలి. ఇయర్‌ప్లగ్‌లు, కళ్ళకు మాస్కు చవకే. అయితే అప్పటికే తికమకపడుతున్న మనిషికి కళ్ళు కడితే బెదిరిపోతారు. నేను తువ్వాలు కప్పితే నాన్న లాగి పారేశారు.

1999లో అమెరికాలోని యేల్ వైద్యులు 70 దాటిన రోగులకు రాత్రి వెచ్చని పాలు, వీపు మర్దన, మెల్లని సంగీతం ఇచ్చి, పగలు నడిపించి, కళ్ళజోడు, వినికిడి యంత్రం అందుబాటులో ఉంచి చూశారు. సంధి వచ్చినవాళ్ళు 15 శాతం నుంచి 9.9కి తగ్గారు. అది వార్డులో జరిగింది, క్యాజువాలిటీలో ఇంత కుదరదు.

అందుకే నా ఓటు మూడోదానికి, అంటే పైకి మార్చమని పట్టుబట్టడానికి. 2022 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లో 97 ఎమర్జెన్సీల్లో 75 దాటినవాళ్ళను గమనించారు. బెడ్ దొరక్క రాత్రంతా అక్కడే ఉన్నవాళ్ళలో 15.7 శాతం మంది ఆస్పత్రిలోనే చనిపోయారు. అర్ధరాత్రిలోపు వార్డుకు చేరినవాళ్ళలో 11.1 శాతం. నిద్ర ఒక్కటే కారణమని ఎవరూ అనలేదు. కానీ బెడ్ సంగతి సాయంత్రమే మొదలుపెట్టి గంటగంటకూ అడగాలని నాకు అర్థమైంది. బెడ్ లేకపోతే రెండో దారే.

మాత్ర వద్దన్న మాటకు ఒక మినహాయింపు ఉంది. ఇంట్లో ఏళ్ళ తరబడి రోజూ అల్ప్రాజోలం వేసుకునేవాళ్ళకు హఠాత్తుగా ఆపితే వణుకు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ఆ స్ట్రిప్పు ఇంట్లో డబ్బాలో ఉండిపోతుంది, డాక్టర్‌కి తెలియదు. చేర్చేటప్పుడే చూపించాలి.