బీఆర్క్ మేలా, బీప్లానింగ్ మేలా?

మా గోదావరి జిల్లాల్లో ఎంపీసీ చదివే పిల్లలకి బొమ్మలు వేయడం బాగా వస్తే, ఇంట్లోవాళ్లు ఆర్కిటెక్చర్‌లో చేర్పిద్దామంటారు. ఊళ్లో వీధులు, కాలువలు, లేఅవుట్లు ఎలా ఉండాలో తేల్చే ప్లానింగ్ చదువు పేరెత్తే ఇళ్లు తక్కువ. కేంద్రం 2008లో విజయవాడలో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో రెండూ ఉన్నాయి.

బీఆర్క్ అయిదేళ్లు. జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఏ రాయాలి. 'నాటా' అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష మార్కులతో సీటిచ్చే కాలేజీలూ ఉన్నాయి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైతే, 1972 చట్టం ప్రకారం ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోవచ్చు. బీప్లానింగ్ నాలుగేళ్లు, పేపర్ 2బి. అందులో డ్రాయింగ్ పరీక్ష లేదు. ఉద్యోగాలు ఎక్కువగా పట్టణాభివృద్ధి సంస్థల్లో, కన్సల్టెన్సీల్లో. సొంత ఆఫీసే ముఖ్యమనుకుంటే బీఆర్క్ తీసుకోండి, సందేహం అక్కర్లేదు.

కానీ మన ఊళ్ల అవసరం చూస్తే నా ఓటు ప్లానింగ్‌కే. మా వీధిలో ఒకరు రెండడుగులు మెరక తోలించి ఇల్లు కట్టారు. పక్కవాళ్లు మూడడుగులు తోలించారు. ఇద్దరి ఇళ్లూ బాగున్నాయి, ప్లాన్లు గీసినవాళ్ల తప్పేమీ లేదు. వాన పడితే నీళ్లన్నీ చివర ఉన్న పాత పెంకుటింట్లోకి పోతున్నాయి. ఆ ముసలమ్మ గారు తుపాను వస్తోందంటే చాలు, బియ్యం బస్తా మంచం మీదికి ఎక్కిస్తారు. ఆమె ఇంటికి ఎంత మంచి ఆర్కిటెక్ట్‌ని తెచ్చినా లాభం లేదు. వీధి వాలు, నీళ్లు పోయే కోడు వెడల్పు, ఏ పల్లం పూడ్చకూడదు అన్నవి ముందే ఎవరో తేల్చాలి.

పాత మండువా లోగిలి చూడండి. వాన నీళ్లు నడిమి మండువాలో పడి తూములోంచి బయటికి పోయేవి. బయట కోడు ఉంది కాబట్టే ఆ ఇల్లు పనిచేసింది. అసలు మన డెల్టా వ్యవసాయమే, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కింద నేల వాలు చూసి తవ్విన కాలువల మీద నిలబడింది. ఇప్పుడు లేఅవుట్లు వేసేటప్పుడు ఆ వాలు ఎంతమంది చూస్తున్నారు?

ఒక్క చిక్కుంది. బీఆర్క్ చదివాక ప్లానింగ్‌లో రెండేళ్ల పీజీ అయిన ఎంప్లాన్ చేసి ప్లానింగ్‌లోకి రావచ్చు. బీప్లానింగ్ చదివినవాళ్లు ఆర్కిటెక్ట్ కావాలంటే మళ్లీ బీఆర్క్ చదవాల్సిందే. ఏడేళ్లు చదివించే స్తోమత ఉండి, పిల్లల మనసు ఇంకా ఊగుతుంటే బీఆర్క్‌తో మొదలుపెట్టడం నయం. మా మేనకోడలి చేత ఈసారి పేపర్ 2ఏ, 2బి రెండింటికీ దరఖాస్తు పెట్టిస్తున్నాను. తనకి మ్యాపులంటే ఇష్టం.