పిస్టన్‌లో ఇనుప టోపీ: మెప్పులో సగం బరువుది కాదు

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ నొక్కగానే చెంప పక్కన 'టొంయ్' మని మోగే ఆ దిక్కుమాలిన చప్పుడు, ఈ టోపీ పెట్టిన రోజే పోయింది. ఆ ఒక్కదాని కోసమైనా మళ్లీ చేయించుకోవచ్చు. కాకపోతే ఆ మెప్పు ఎవరికి దక్కాలో తేలడానికి చాలా డబ్బాల పెల్లెట్లు ఖర్చయ్యాయి.

ఈ రైఫిల్‌లో స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు తోస్తే నొక్కుకున్న గాలి పెల్లెట్‌ను (చిన్న సీసపు గుండును) తోస్తుంది. టోపీ అంటే ఆ పిస్టన్‌లో, స్ప్రింగ్ ముందు కొసకు పెట్టే చిన్న ముక్క: వెడల్పాటి అంచు, దానికి ఒక గొట్టం. అంచు పిస్టన్ లోపలి ముందు గోడకు ఆనుతుంది, గొట్టం స్ప్రింగ్‌లోకి దూరుతుంది. ఈ రైఫిల్ పిస్టన్‌కు నడిమి కడ్డీ ఉంది కాబట్టి గొట్టానికి బెజ్జం తప్పదు. కొలతలివి: గొట్టం బయటి వ్యాసం 14 మి.మీ., బెజ్జం 9, పొడవు 40. అంచు వ్యాసం 20, మందం 3. మెత్తటి స్టీలుతో చేస్తే 34 గ్రాములు తూగుతుంది, ఇత్తడితో 37, డెల్రిన్ ప్లాస్టిక్‌తో ఆరే గ్రాములు. స్ప్రింగ్ గొట్టం మీదికి వేళ్లతో తిప్పితే ఎక్కాలి, తలకిందులు చేస్తే జారిపోకూడదు. నొక్కినప్పుడు స్ప్రింగ్ వ్యాసం కొద్దిగా పెరుగుతుంది కాబట్టి ఈపాటి బిగువు అడ్డం రాదు.

లేత్ దగ్గరికి వెళ్లేముందు రెండు లెక్కలు చూసుకోవాలి. మొదటిది అంచు మందం. 3 మి.మీ. తీగ, 33 చుట్లు ఉన్న స్ప్రింగ్‌ను పూర్తిగా నొక్కితే 99 మి.మీ. అవుతుంది. కాక్ చేసినప్పుడు (కాల్చడానికి బ్యారెల్ వంచి స్ప్రింగ్‌ను నొక్కి పెట్టినప్పుడు) దానికి మిగిలే చోటు 104 అయితే, అంచు 3 తినేశాక ఉండే సందు రెండే. 5 మి.మీ. అంచు పెడితే సియర్ (పిస్టన్‌ను వెనక పట్టి ఉంచే కొక్కెం) తగులుకోకముందే చుట్లు ఒకదానికొకటి ఆని బిగుసుకుంటాయి. రెండోది గొట్టం పొడవు. పిస్టన్ వెనక్కి వచ్చాక వెనుక గైడు (స్ప్రింగ్ వెనుక కొసలో దూరి ఉండే గొట్టం) కొసకూ గొట్టం కొసకూ మధ్య కనీసం రెండు మూడు మి.మీ. ఖాళీ ఉండాలి. అంచు పెరిగితే స్ప్రింగ్ బిగువు, దాంతో శక్తి కూడా పెరుగుతాయి. శక్తికి చట్టం గీత గీసిన చోట అదీ చూసుకోవాలి. విప్పేముందు పెల్లెట్ లేదని చూసుకోండి. వెనుక దిమ్మను స్ప్రింగ్ కంప్రెసర్‌లో బిగించకుండా ఊడదీస్తే ముఖం మీదికే వస్తుంది.

ఇక విరిగిన కథ. మొదటి టోపీని గట్టిపరిచిన స్టీలుతో, అంచూ గొట్టమూ కలిసే మూలను కత్తిలా నిటారుగా కోయించడం జరిగింది. చూపుకు ముచ్చటగా ఉండేది. కొన్నాళ్లకు రైఫిల్ ఊపితే లోపల నాణెం దొర్లినట్టు చప్పుడు. ఆ తర్వాత కాకింగ్ సగంలో పట్టేసింది. అలా పట్టేసినప్పుడు చేయి బ్యారెల్ మీంచి తీయకూడదు, వేళ్లు బ్రీచ్ (బ్యారెల్‌లో పెల్లెట్ పెట్టే కొస) దగ్గరికి పోనివ్వకూడదు. బ్యారెల్ చటుక్కున మూసుకుంటే ఎముకలు మిగలవు. విప్పి చూస్తే గొట్టం సరిగ్గా ఆ మూల దగ్గరే తెగి స్ప్రింగ్‌లో అడ్డం పడి ఉంది. పిస్టన్ ఆగిన ప్రతిసారీ దెబ్బంతా ఆ మూల మీదే పడుతుంది. గట్టిపరిచిన లోహం వంగదు, పగులుతుంది. రెండో టోపీ మెత్తటి స్టీలుది, మూలలో అర మి.మీ. గుండ్రం. ఆ గుండ్రం మీదికి స్ప్రింగ్ కొస ఎక్కి వాలిపోతుంది కాబట్టి, స్ప్రింగ్ లోపలి అంచును కూడా సానరాయితో కాస్త ఏటవాలుగా అరగదీయాలి. ఈ సంగతి ఎవరూ చెప్పరు. స్ప్రింగ్ ఆనే ముఖాన్ని నున్నగా మెరుగు పెట్టడం కూడా అవసరమే, నొక్కినప్పుడల్లా స్ప్రింగ్ మెలితిరుగుతుంది మరి.

రెండోది తయారయ్యే లోపు తాత్కాలికంగా డెల్రిన్ టోపీ పెట్టడంతో అసలు గుట్టు బయటపడింది. కొలతలవే, బరువు ఆరు గ్రాములు. మోత అంతే చక్కగా ఆగింది! అంటే చప్పుడును ఆపింది గొట్టం బిగువు, ఇనుము కాదు.

మరి బరువు చేసేదేమిటి? పిస్టన్‌ను నిదానింపజేస్తుంది. బరువైన పెల్లెట్ వేసినప్పుడు ముందున్న గాలి పిస్టన్‌ను వెనక్కి ఎగదన్నేది తగ్గుతుంది, పెల్లెట్ల వేగంలో హెచ్చుతగ్గులూ తగ్గుతాయి. 7 గ్రెయిన్ల (పెల్లెట్ బరువు కొలత, దాదాపు అర గ్రాము) తేలిక పెల్లెట్‌తో మాత్రం అదే బరువు ఎదురు తిరుగుతుంది: పిస్టన్ చివర్లో ఠపీమని కొట్టుకుంటుంది, స్కోప్ మౌంట్ పట్టాల మీద జరుగుతుంది. మూడున్నర కిలోల రైఫిల్, 80 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) అయితే ఈ 34 గ్రాములు రైఫిల్‌ను దాదాపు ముప్పావు మి.మీ. అదనంగా వెనక్కి నెడతాయి. కంటికి కనబడదు గానీ, పట్టు కాస్త మారితే గుండ్లు చెదురుతాయి.

10 గ్రెయిన్లు, ఆపైన వాడేవారికీ, రైఫిల్‌ను సంచి మీద ఆనించి కాల్చేవారికీ స్టీలు టోపీ సరే. ఈ రైఫిల్‌లో ఇప్పుడున్నదీ అదే, వాడేది బరువైన పెల్లెట్లే కాబట్టి. మోత మాత్రమే పోవాలంటే డెల్రిన్ చాలు, అయితే అంచు నలిగిందేమో అప్పుడప్పుడూ విప్పి చూడాలి.