18,000 పెట్టి కొన్న వంశవృక్షం మా అక్కాబావలను అన్నాచెల్లెళ్లను చేసింది

కడప, ప్రొద్దుటూరు, తాడిపత్రి వైపు వంశవృక్షాలు తయారుచేసి ఇస్తామని కొందరు తిరుగుతున్నారు. వాళ్లకు డబ్బు కట్టి మోసపోయినవాళ్లలో నేనొకణ్ణి. పేరు రాస్తే ఇంకో గొడవ, అందుకని రాయడం లేదు. వాళ్ల పని ఎట్లా ఉంటుందో చెప్తాను, ఎదురుపడితే మీరే గుర్తుపడతారు.

నాకు ఈ పిచ్చి నాన్న తద్దినం రోజు పట్టుకుంది. పంతులుగారు మూడు తరాల పేర్లు చెప్పమన్నారు. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి నేను, చిన్నాన్న మొహాలు చూసుకున్నాం. తర్వాత పాత ట్రంకు పెట్టె దించి వెతికితే 1923 నాటి క్రయ దస్తావేజు ఒకటి దొరికింది. దాని అడుగున ముత్తాత చేవ్రాలు. ఆయన పేరు నాకు తెలిసింది ఆ కాగితంతోనే. మాది తాడిపత్రి దగ్గర పల్లె. ఊరి భూముల లెక్కలు రాసే కరణాల ఇల్లే గానీ, 1984లో కరణీకాలు తీసేసినప్పుడు లెక్కల పుస్తకాలన్నీ అప్పజెప్పేశారు.

ఇట్లాంటివాడి దగ్గరికి వచ్చి ‘12 తరాలు, రికార్డులతో సహా’ అంటే ఆశ పుట్టదా? 18,000కు బేరం కుదిరింది. సగం అడ్వాన్స్ ఇచ్చాను. దస్తావేజు స్కానింగ్‌కని పట్టుకుపోయారు.

రెండు నెలలకు ఆరడుగుల చార్టు తెచ్చారు. బంగారు రంగు అంచు, పైన రెండు ఏనుగులు. అబద్ధమెందుకు, చూడగానే కళ్లు చెమర్చాయి. మిగతా డబ్బు అక్కడికక్కడే ఫోన్‌పే చేశాను.

వారం తర్వాత ప్రొద్దుటూరు నుంచి బావ వచ్చాడు. చార్టు చూసి, ఏమీ అనకుండా ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. వాళ్లన్న కూడా వీళ్ల దగ్గరే చేయించుకున్నాడట. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పై ఏడు తరాలు అక్షరం తేడా లేకుండా ఒకటే! మాది కాశ్యప గోత్రం, వాళ్లది భారద్వాజ. చార్టు లెక్కన మా అక్కకు ఆయన అన్న అవుతాడు. పెళ్లయి పందొమ్మిదేళ్లు. ఆ రోజు నుంచి బావ నన్ను ‘ఏం తమ్ముడూ’ అని పిలవడం మొదలుపెట్టాడు.

అప్పుడు కూర్చుని లైను లైనుగా చదివాను. ఆరో తరం ఆయనకు 1793లో మన్రో దొర ఇనాం, అంటే శిస్తు మినహాయించిన భూమి, ఇచ్చాడట. నిజాం మన సీమను కంపెనీకి అప్పగించిందే 1800లో. మన్రో ఇక్కడ కలెక్టరుగా ఉన్నది ఆ ఏడు నుంచి 1807 దాకా. ఇంకోచోట ‘అనంతపురం జిల్లా కలెక్టరు ఉత్తర్వు, 1861’ అని ఉంది. బళ్ళారి నుంచి అనంతపురం జిల్లా విడిపోయింది 1882లో కదా! ‘1812, ప్రభవ నామ సంవత్సరం’ అన్నది మరీ ఘోరం. మనం చూసిన ప్రభవ 1987లో వచ్చింది. అరవయ్యేసి ఏళ్లు వెనక్కి పోండి: 1927, 1867, 1807. 1812 అంటే ఆంగీరస. మా అవ్వ బతికుంటే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేది.

పేర్లు చూసినా తెలిసిపోవాల్సింది. మన ఇళ్లలో పెద్ద మనవడికి తాత పేరు పెడతారు, కాబట్టి అవే పేర్లు తరం విడిచి తరం తిరిగి వస్తుంటాయి. ఈ చార్టులో 12 తరాలకు 12 కొత్త పేర్లు, అందులో సగం మంది ‘రాయలు’లే.

కంపెనీ కాలంలో మెకంజీ దొర సేకరించిన కైఫీయత్తుల్లో మా వంశం ఉందని కూడా చెప్పారు. పేజీ చూపించమంటే ‘గవర్నమెంటు రికార్డు సార్, ఫొటో తీయనివ్వరు’ అన్నారు. కైఫీయత్తులంటే ఊళ్ల చరిత్రలు. గుడి ఎవరు కట్టించారు, పాళెగాళ్లు ఎవరు, మాన్యాలు ఎవరివి, ఇట్లాంటివి ఉంటాయి. ఊరి కరణం పేరో రెడ్డి పేరో తగలొచ్చు గానీ ఇంటింటి వంశం ఉండదు. దాచిపెట్టిన రికార్డులు కూడా కావవి. కడప జిల్లావి కడపలోని మన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వైపు నుంచే పుస్తకాలుగా అచ్చయ్యాయి.

డబ్బు పోతే పోయింది. దస్తావేజు తలుచుకుంటేనే కడుపు మండుతుంది. ‘భద్రంగా ఉంటుందని’ లామినేషన్ చేసి ఇచ్చారు! కవరులో పట్టలేదని అంచులు కత్తిరించారు. ముత్తాత చేవ్రాలు సగానికి తెగింది, చివరి రెండక్షరాలే మిగిలాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు దొరుకుతుందని అందరూ ఓదారుస్తున్నారు. ఆ నకల్లో ఉండేది గుమాస్తా రాత, ఆయనది కాదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ‘చార్టు ఇచ్చాం కదా’ అని వాళ్ల జవాబు.

ఎవరితోనైనా చేయించుకోవాలనుకుంటే, ప్రతి తరానికీ ఆధారం ఏ రిజిస్టరు, ఏ పేజీ అని రాసివ్వమనండి. ఇంట్లో ఇనాం భూమి ఉండేదని తెలిస్తే ఇనాం ఫెయిర్ రిజిస్టరు అడగండి. 1858లో వేసిన ఇనాం కమిషన్ రాయించినవి అవి, భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలుస్తుంది. ఇంటిపేరు ఒక్కటే చూసి ముడిపెడితే నమ్మొద్దు. డబ్బు మొత్తం ముందే ఇవ్వొద్దు.

వచ్చే వారం ప్రొద్దుటూరులో మళ్లీ కౌంటరు పెడుతున్నారని విన్నాను. ఇప్పటికే పాత కాగితాలు ఇచ్చినవాళ్లుంటే ఈ రోజే పోయి వెనక్కి తెచ్చుకోండి. చార్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు.