పూలకంటే ముందే వెళ్లండి: బాస్టన్ ఎస్ప్లనేడ్‌లో తొమ్మిది వసంతాల నడక

బాస్టన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఏటా ఏప్రిల్‌లో నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఎస్ప్లనేడ్‌లో చెర్రీ పూలు వచ్చాయా అక్కా?" నెలాఖరుకి వస్తాయి. తప్పకుండా చూడండి, చాలా బాగుంటాయి. కానీ ఆ పార్కు మీద నాకు ప్రేమ పుట్టింది ఆ పూలను చూసి కాదు. మార్చి రెండో వారం నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా, కొమ్మల మీద ఇంకా ఆకు రాని ఆ ఆరు వారాల్లో పుట్టింది. 2017 నుంచి తొమ్మిది వసంతాలు, వారానికి నాలుగైదు సాయంత్రాలు అక్కడ నడిచాను. అక్కడ ఏం దొరుకుతుందో, ఏం ఇబ్బంది పెడుతుందో చూసింది చూసినట్టు రాస్తున్నాను.

చార్ల్స్ నదికి బాస్టన్ వైపు ఒడ్డున, సైన్స్ మ్యూజియం దగ్గర మొదలై బాస్టన్ యూనివర్సిటీ వంతెన దాకా దాదాపు మూడు మైళ్లు సాగుతుంది ఈ పార్కు. టికెట్టు లేదు. రెడ్ లైన్ రైల్లో చార్ల్స్ ఎంజీహెచ్ స్టేషన్‌లో దిగితే 2018లో తెరిచిన ఫ్రాన్సెస్ ఆపిల్టన్ వంతెన మీదుగా నేరుగా నీళ్ల దగ్గరికి దిగొచ్చు. ఏటవాలు బాగా తక్కువ. మా పాపని స్ట్రోలర్‌లో తోసుకెళ్లిన రోజుల్లో ఆ వంతెన ఎంత మేలు చేసిందో చెప్పలేను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు కూడా అటు నుంచే వెళ్లండి.

ఇక్కడ నది చెరువులా నిలిచి ఉంటుంది. అసలు ఇది సముద్రపు ఆటుపోట్లు లోపలిదాకా వచ్చే చోటు. నీళ్లు వెనక్కి వెళ్లినప్పుడల్లా బురద మేటలు బయటపడి కంపు కొట్టేవట. 1910లో ఆనకట్ట పూర్తయ్యాక సముద్రపు నీళ్లు ఆగి, మంచినీటి మడుగు ఏర్పడింది. 2023లో మా నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు ఈ సంగతి చెబితే వెంటనే అడిగారు: "అయితే ఎన్ని ఎకరాలకి నీళ్లిస్తున్నారమ్మాయ్?" ఒక్క ఎకరానికీ కాదు, ఒడ్డున మనుషులు హాయిగా తిరగడానికే కట్టారంటే చాలాసేపు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయారు. కాటన్ దొర ఆనకట్ట నీడలో పెరిగిన మనిషికి అది కొత్త సంగతే.

ఈ చార్ల్స్ ఆనకట్ట కోసం గట్టిగా పోరాడినవారిలో జేమ్స్ స్టారో ఒకరు. ఆయన పోయాక భార్య హెలెన్ పది లక్షల డాలర్లు ఇచ్చి పార్కును వెడల్పు చేయించారు. ఒడ్డు వెంట పెద్ద రోడ్డు వేస్తామంటే ఆవిడ వ్యతిరేకించారు. 1944లో ఆవిడ చనిపోయారు. 1951లో ఆ రోడ్డు రానే వచ్చింది, వాళ్ల ఇంటిపేరుతోనే: స్టారో డ్రైవ్. నడిచినంతసేపూ ఆ కార్ల మోత చెవుల్లో పడుతూనే ఉంటుంది. వేసవిలో ఆకులు కొంచెం అడ్డం పడతాయి, మార్చిలో ఏ అడ్డూ ఉండదు. ఈ కథ తెలిసినప్పటి నుంచి ఆ మోత నాకు ఇంకాస్త బాధగా వినిపిస్తుంది. హ్యాచ్ షెల్ అనే కచేరీ వేదిక దాటాక నీళ్ల మధ్య చిన్న చిన్న దీవులు కనిపిస్తాయి, వాటి మీదికి వెళ్లిపోతే మోత కొంత తగ్గుతుంది. నా నడకలో ఎక్కువ భాగం ఆ దీవుల మీదే.

మరి అంత బోసిగా ఉన్న సమయంలో ఎందుకు వెళ్లాలి?

మొదటి కారణం వెలుతురు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గూకుతుంది. ఆఫీసు నుంచి బయటికొచ్చేసరికి అర్ధరాత్రిలా ఉంటుంది. మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు. ఆ మర్నాడు, సోమవారం సాయంత్రం, ఆరూ ముప్పావు దాకా ఎండ ఉంటుంది. ఆ సోమవారం నేను ఏ పనీ పెట్టుకోను. నాలుగు నెలలుగా చీకట్లో ఇంటికి వెళ్లిన మనిషికి నీళ్ల మీద పచ్చటి ఎండ చూడటం ఎలా ఉంటుందో ఇక్కడ ఒక్క చలికాలం గడిపినవాళ్లకి తెలుస్తుంది. లాంగ్‌ఫెలో వంతెన మీద రైలు వెళ్తుంటే కిటికీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి.

రెండోది నీళ్లు. చలి గట్టిగా ఉన్న ఏడాది నది గడ్డకట్టి, మార్చి మొదట్లో ఒడ్డు పక్క నుంచి కరగడం మొదలవుతుంది. కొన్నేళ్లు సరిగా గడ్డకట్టనే కట్టదు. ఐస్ పోగానే యూనివర్సిటీల తెడ్డు పడవలు దిగుతాయి. ఎనిమిదిమంది కుర్రవాళ్లు ఒకే తాళంలో తెడ్లు వేస్తుంటే, పక్కనే మోటారు పడవలోంచి కోచ్ కేకలు వేస్తుంటాడు. ఏప్రిల్ వచ్చేసరికి తెల్ల తెరచాపల పడవలు కూడా చేరతాయి.

మూడోది పిట్టలు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. దీవుల పక్కన జమ్ము పెరిగే చోట మార్చి మొదటి పక్షంలోనే రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్ వచ్చేస్తుంది. ఒళ్లంతా నలుపు, భుజం మీద మాత్రం ఎర్రటి మచ్చ, దాని కింద పసుపు అంచు. ఎండిన జమ్ము కాడ చివర కూర్చుని ఆ ఎర్ర మచ్చ ఉబ్బించి "కాంక్ లా రీ" అని అరుస్తుంది. ముందు మగవి వచ్చి చోటు పట్టుకుంటాయి, ఆడవి తర్వాత వస్తాయి. చుట్టూ ఇంకా స్నో కుప్పలు నల్లబడి ఉండగానే ఆ అరుపు వినిపిస్తుంది. ఇక్కడివాళ్లు ఎవరేమన్నా నాకు వసంతం మొదలయ్యేది ఆ రోజే. మన కోయిల కూతలా తీయగా ఉండదు, తుప్పు పట్టిన గేటు తీసినట్టుంటుంది. అయినా దాని కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తాను.

రంగులు లేవని కూడా అనలేను. వెతకాలి, అంతే. మార్చి మధ్యకల్లా విల్లో చెట్ల సన్నటి కొమ్మలు పసుపెక్కుతాయి. తర్వాత మేపుల్ చెట్లు పూస్తాయి. మేపుల్ అనగానే శరదృతువులో ఎర్రబడే ఆకులే అందరికీ గుర్తొస్తాయి గానీ, ఆకు రాకముందే ఆ చెట్టు ఎర్రటి చిన్న పూలు పూస్తుందని చాలామంది గమనించరు. దూరం నుంచి చూస్తే కొమ్మల చివర్లకి ఎవరో కుంకుమ అద్దినట్టుంటుంది.

ఇక ఇబ్బందులు. గాలి చాలా పెద్ద సమస్య. నది వెడల్పుగా ఉన్నచోట వాయవ్యం నుంచి వచ్చే గాలికి ఏ అడ్డూ ఉండదు. ఫోన్‌లో ఎనిమిది డిగ్రీలని చూసి పల్చటి జాకెట్‌తో వెళ్తే వణికిపోతారు. అలాంటి రోజు నేను ముందు పడమరగా, గాలికి ఎదురు నడుస్తాను. తిరిగొచ్చేటప్పుడు, ఒళ్లు అలిసిన వేళకి, గాలి వీపున ఉంటుంది. ఏప్రిల్‌లో ఇంకో రకం ఉంది. మధ్యాహ్నం దాకా ఎండ కాసి, ఉన్నట్టుండి సముద్రం మీంచి తూర్పు గాలి తిరిగితే నిమిషాల్లో చల్లబడిపోతుంది. సంచిలో ఒక స్వెటర్, చెవులు కప్పే టోపీ, గ్లవ్స్ ఏప్రిల్ నెలాఖరు దాకా తీయకండి. 2018 మార్చిలో నాలుగు పెద్ద తుఫానులు వరసగా వచ్చాయి. ఇంక చలి పోయిందని జాకెట్ అటక ఎక్కించిన నేను మళ్లీ దింపుకున్నాను.

తెల్లవారుజామున వెళ్లకండి. పగలు కరిగిన నీళ్లు రాత్రికి గడ్డకట్టి తారు బాట మీద కంటికి కనపడని ఐస్ పొర అవుతుంది. 2019లో దాని మీదే జారి చెయ్యి ఆనించాను. మణికట్టు ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో గడిపాను. కాబట్టి నడక సాయంత్రమే. నీళ్ల పక్కనుండే మట్టి దారి మార్చిలో చీలమండల దాకా బురద. నీళ్లు దిగని బూట్లుంటే సరే, లేకపోతే తారు బాట వదలకండి. తారు బాట మీద సైకిళ్లు వేగంగా వస్తుంటాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అటూ ఇటూ తిరగడం ప్రమాదం. కెనడా బాతులు గడ్డి మీద గుంపులుగా మేస్తుంటాయి, వాటి రెట్ట అంతటా ఉంటుంది. మార్చి చివర నుంచి గూళ్లు పెట్టుకుంటాయి, అప్పుడు దగ్గరికెళ్తే మెడ చాచి బుసకొడుతూ మీదికొస్తాయి. పిల్లలున్నవాళ్లు జాగ్రత్త. తాగే నీళ్ల పంపులు చలికాలంలో కట్టేసి ఉంటాయి, నీళ్ల సీసా తీసుకెళ్లండి. బాత్రూమ్ పని ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి.

ఎంత దూరం నడవాలో తేల్చుకోవడానికి నాది ఒక లెక్కుంది. మాసాచుసెట్స్ అవెన్యూ వంతెన మీద పది పది చొప్పున రంగు గుర్తులుంటాయి. 1958లో ఎంఐటీ కుర్రాళ్లు తమ తోటి విద్యార్థి స్మూట్‌ని వంతెన పొడుగునా పడుకోబెట్టి కొలిచారు. మొత్తం 364.4 స్మూట్లు. ఇప్పటికీ ఆ గుర్తులకి రంగు వేస్తూనే ఉన్నారు. ఓపిక లేని రోజు నేను సగం గుర్తు దాకా వెళ్లి, అక్కడి నుంచి రెండు ఒడ్లూ చూసి వెనక్కి తిరుగుతాను. పొద్దు గూకే వేళ ఈ నదిని చూడాల్సింది అక్కడి నుంచే.

నాన్నగారు వచ్చిన ఏడాది ఉగాది మార్చి 22న పడింది. పొద్దున్నే పచ్చడి తిని, సాయంత్రం ఆయన్ని పార్కుకి తీసుకెళ్లాను. ఊరి నుంచి ఎండు వేపపువ్వు పొట్లం కట్టి తెచ్చారు కాబట్టి పచ్చడికి లోటు రాలేదు. "వసంత రుతువంటున్నావు, అన్నీ మోళ్లే కదమ్మా" అన్నారు. "రోజూ రండి నాన్నగారూ, ఒక్కరోజు చూస్తే తెలియదు" అన్నాను. మొదటి వారం నా కోసం వచ్చారు. రెండో వారం నా ఆఫీసు కాల్ ఆలస్యమైతే ఆయనే మంకీ క్యాప్ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఏప్రిల్ మధ్యలో మేపుల్ పూలు కింద రాలుతుంటే నాలుగు ఏరి రుమాల్లో కట్టుకుని ఇంటికి తెచ్చారు. చూడండి, రాజమండ్రిలో గోదావరి గట్టు మీద ముప్పై ఏళ్లు నడిచిన మనిషి ఆయన. అంత పెద్ద నది ముందు ఇది కాలవలా అనిపిస్తుందేమోనని నాకు లోపల భయంగానే ఉండేది.

ఆ భయం పూర్తిగా పోయింది మాత్రం చేపల వల్ల. ఏప్రిల్ చివర, మే నెలల్లో హెర్రింగ్ జాతి చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఈ నదిలోకి ఎదురీదుతాయి. 1978లో కట్టిన కొత్త ఆనకట్టలో వాటికోసం దారి వదిలారు. ఎస్ప్లనేడ్ దగ్గర నీళ్లు లోతు, అవి కంటికి కనపడవు. నీటికాకులు మునిగి తేలుతున్నాయంటే కింద చేపలు వెళ్తున్నాయని అనుకోవడమే. అందుకని నాన్నగారిని ఎగువన వాటర్‌టౌన్ ఆనకట్ట దాకా తీసుకెళ్లాను. అక్కడ నీళ్లు తక్కువ. వందల చేపలు ప్రవాహానికి ఎదురు కొట్టుకుంటూ, కొంగలు కాపు కాస్తున్నా ఆగకుండా వెళ్తున్నాయి. "పులసలే అమ్మాయ్! ధవళేశ్వరానికి వచ్చినట్టే వస్తున్నాయి" అని రెయిలింగ్ పట్టుకుని ముందుకి వంగిపోయారు. నిజంగానే అవి పులసకి చుట్టాలే. కాళ్లు చల్లబడుతున్నా గంటసేపు అక్కణ్నుంచి కదల్లేదు.

ఆ మరుసటి ఏడాది, 2024 ఏప్రిల్ 8న, అమావాస్య నాడు సూర్యగ్రహణం. తెల్లారితే ఉగాది. బాస్టన్‌లో తొంభై శాతానికి పైగా పట్టింది. ఒడ్డంతా జనం గ్రహణం అద్దాలతో గడ్డి మీద కూర్చున్నారు. మూడున్నర ప్రాంతంలో వెలుతురు వెండిలా పాలిపోయి, చల్లగాలి తిరిగింది. కొమ్మలకి ఆకుల్లేవు కాబట్టి ఆకాశం ఎక్కడ నిలబడినా నిండుగా కనిపించింది. మనలో చాలామంది గ్రహణమప్పుడు బయటికి రారని తెలుసు. మా ఇంట్లోనూ ఫోన్‌లో కేకలేశారు. నేను మాత్రం వెళ్లినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

మార్కులు వేయమంటే వసంతం మొదట్లోని ఈ పార్కుకి ఐదుకి నాలుగు వేస్తాను. ఆ ఒక్క మార్కూ పోయింది రోడ్డు మోతకే. గాలికీ బురదకీ నేను తగ్గించను, అవి ఆ రుతువులో భాగమే. పూలు మాత్రమే చూడాలనుకునేవాళ్లకి, చలి అసలు పడనివాళ్లకి ఇది నచ్చదు. వాళ్లు ఏప్రిల్ నెలాఖరున వస్తేనే మంచిది.

2025 ఉగాదికి, మార్చి 30న, ఊరికి ఫోన్ చేశాను. నాన్నగారు పచ్చడి ఎలా కుదిరిందని అడగలేదు. "చేపలు వచ్చాయా?" అన్నారు. "నీళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి నాన్నగారూ, మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎర్ర భుజం పిట్ట మాత్రం వచ్చేసింది" అన్నాను.