రంగు కోడ్‌తో కలిపించుకోవడమా, నమూనాను స్కాన్ చేయించడమా?

ఒక కంపెనీ షేడ్ కార్డులో నచ్చిన రంగును మరో కంపెనీ పెయింటులో పొందడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, రంగు కోడ్ చెప్పి, దుకాణంలో రంగులు కలిపే (టింటింగ్) సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఫార్ములాతో కలిపించుకోవడం. రెండవది, నమూనాను స్పెక్ట్రోఫోటోమీటర్ అనే, రంగును కొలిచే స్కానర్‌తో చదివించడం.

కోడ్ పద్ధతి త్వరగా ముగుస్తుంది, మళ్లీ కొన్నప్పుడు అదే ఫార్ములా దొరుకుతుంది. అయితే బేస్ (రంగు కలపక ముందున్న మూల పెయింటు), రంగుద్రవ్యాలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి, వచ్చేది దగ్గరి రంగే తప్ప అచ్చంగా అదే రంగు కాదు.

స్కానర్ సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతి పరావర్తనం చెందుతోందో కొలుస్తుంది గనుక, ఏళ్ల తరబడి ఎండకు వెలిసిన గోడకు ఇదే నమ్మదగినది; షేడ్ కార్డు ఆ వెలిసిన రంగును ఎలాగూ చూపలేదు. కానీ నమూనాపై మురికి, గరుకుదనం ఉంటే కొలత తప్పుతుంది. పైగా రంగుద్రవ్యాలు వేరైనప్పుడు, పగటి వెలుగులో ఒకటిగా కనిపించిన రెండు పూతలు ఎల్‌ఈడీ దీపం కింద తేడాగా కనిపించవచ్చు. దీనినే మెటామెరిజం అంటారు. బూడిద ఛాయల్లో ఇది కంటికి ఇట్టే తగులుతుంది.

గది మొత్తం కొత్తగా వేయించేవారికి కోడ్ చాలు. గోడలో మరమ్మతు చేసిన భాగాన్ని మాత్రమే కప్పాలనుకునేవారు స్కానింగ్‌నే ఎంచుకోవాలి, అదీ పాతదానితో సమానమైన మెరుపున్న పెయింటులోనే. నమూనా పూత పూర్తిగా ఆరాకే పోల్చి చూడాలి.